ఇద్దరు బావలూ ఒక రివాల్వరూ

మా ఆయనకీ మా అన్నకీ పాత రివాల్వర్ల పిచ్చి ఒకేసారి పట్టుకుంది. అన్నది ఉద్దానంలో కొబ్బరి వ్యాపారం. మా ఆయనకి కాశీబుగ్గలో వర్క్‌షాపు ఉంది. జీడిపప్పు ఫ్యాక్టరీల బాయిలర్లూ మోటార్లూ బాగుచేస్తారు. అన్న ఒకసారి బరంపురంలో కూల్చేస్తున్న పాత బంగళా నుంచి టేకు బల్ల ఒకటి కొని తెచ్చుకున్నాడు. దాని అడుగు సొరుగు ఎంతకీ రాకపోతే ఉలితో ఊడదీశాడు. లోపల చివికిన గుడ్డలో తుప్పు ముద్దలా ఒక రివాల్వరు ఉంది. దాన్ని ముట్టుకోకుండానే బావకు ఫోన్ చేశాడు.

మా ఆయన చట్టమంటే భయం ఉన్న మనిషి. ఇద్దరూ కలిసి ముందు పోలీసులకు చూపించారు. కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. విశాఖలో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో అది ఇక ఎప్పటికీ పేలకుండా చేయించారు. అన్నీ అయ్యాక మా పెరట్లో కూర్చుని తుప్పు వదిలించడం మొదలుపెట్టారు. తూటాలు పెట్టే చక్రం బిగుసుకుపోయి కదిలేది కాదు. ఒక ఆదివారం అది టిక్కుమని ఒక్క గడి తిరిగింది. ఆ చప్పుడుకి ఇద్దరూ మొహమొహాలు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత ఒకటొకటిగా వచ్చాయి. మధ్యలో మడిచి తూటాలు పెట్టే ఇంగ్లీషు రివాల్వరొకటి. పిడి మీద జింక కొమ్ము తాపడం చేసినది ఇంకొకటి. కొన్ని మా ఇంట్లో, కొన్ని అన్న ఇంట్లో. అన్నీ పేలనివే, అన్నిటికీ కాగితాలున్నవే. అయినా మా వైపు తుపాకీ అన్న మాటకే పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఆ భయానికి నక్సలైట్ల కాలం నాటి చరిత్ర ఉంది. మాకు పాలు పోసే ఆవిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "మీ ఇంట్ల తుపాకులున్నాయట గదమ్మా, మీ ఆయన పోలీసేటి?" అని అడిగింది. కాదంటే, "మరేల?" అంది.

ఈ సరదాతో పాటే మా ఇంట్లోకి అనుమానం కూడా వచ్చి చేరింది. మొదట అది అమ్మేవాళ్ళ మీద. ఇచ్ఛాపురం వైపు నుంచి ఒకడు ఒక రివాల్వరు తెచ్చాడు. వాళ్ళ తాత పర్లాకిమిడిలో దొరగారి దగ్గర పనిచేసేవాడట, ఆయనిచ్చిందట. మా ఆయన దాన్ని తిప్పి చూడలేదు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "చింతపండు," అన్నారు. కొత్త ఇనుముకి చింతపండు గుజ్జూ ఉప్పూ పట్టించి ఇసకలో పాతిపెడితే వందేళ్ళ తుప్పు నెలలో వస్తుందట. ఆ మనిషి మారు మాట్లాడకుండా మూట కట్టుకుపోయాడు. ఆ రోజునుంచి మా ఆయన ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు. చివరికి నేను తెచ్చిన ఇత్తడి చెంబుని కూడా.

ఆ అనుమానం మెల్లగా ఇంటివాళ్ళ మీదికి మళ్ళింది. మా ఆయన మోటారు పని మీద ఏ ఊరెళ్ళినా అన్న నాకు ఫోన్ చేసేవాడు.

"సెల్లీ, బావ నిజంగా మోటారుకేనా ఎల్లినాడు?"

"నాకేం తెలుసన్నా, మోటారనే చెప్పారు."

"సరే సరే. నాను అడిగినట్టు సెప్పకు."

ఈయన కూడా తక్కువ తినలేదు. అన్న కొబ్బరికాయల బాకీ వసూలుకి మందస వైపు వెళ్ళాడని తెలిస్తే ఆ పూటంతా అన్నం సరిగ్గా దిగేది కాదు. నాకు అప్పట్లో నవ్వొచ్చేది.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా మొదటి ఉద్యోగం మందసలోనే. అక్కడ ఒక మామ్మగారి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. వాళ్ళ మామగారు పాత రోజుల్లో జమీందారు ఎస్టేటులో వేట సామాను చూసే ఉద్యోగం చేసేవాడు. నేను ఆ ఊరు వదిలేశాక కూడా ఏడాదికోసారైనా వెళ్ళి ఆవిణ్ణి చూసి వచ్చేదాన్ని. ఈమధ్య వెళ్ళినప్పుడు మాటల్లో మా ఇంటి రివాల్వర్ల సంగతి చెప్పి నవ్వించాను. ఆవిడ నవ్వి, "మా కాడా ఒకటున్నాది టీచరమ్మా, ఇంతే ఉంతాది," అని అరచెయ్యి చూపించింది. దసరాకి దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెడతారట. తర్వాత బియ్యం డ్రమ్ములో దాచేస్తారట.

ఆ ఆదివారం అన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఆ మాట చెప్పేశాను. పులుసు వడ్డిస్తూ ఏదో కబురు చెప్పినట్టే చెప్పాను. ఇద్దరూ ఒక్కసారి తినడం ఆపారు. తర్వాత ఇద్దరూ మరీ ఎక్కువగా తినడం మొదలుపెట్టారు.

మర్నాడు ఉదయమే ముగ్గురం కారులో మందస వెళ్ళాం. దారిలో ఎవరూ రివాల్వరు మాట ఎత్తలేదు. మామ్మగారు డ్రమ్ములోంచి గుడ్డమూట తీసి, బియ్యం దులిపి, మా ముందు విప్పింది.

నేను చూసినవాటిలో అంత చిన్నదీ, అంత అందమైనదీ అదే. ట్రిగ్గరు కత్తి మడిచినట్టు లోపలికి మడుచుకుపోయి ఉంది. చక్రం అంచు చుట్టూ సన్నటి గాడులు. దాని తూటాలకు పక్కనుంచి చిన్న మేకులాంటిది బయటికి పొడుచుకొచ్చి ఉంటుందని, ఆ మేకు కూర్చోడానికే ఆ గాడులని తర్వాత మా ఆయన చెప్పారు. ఒళ్ళంతా తీగలూ ఆకులూ చెక్కి ఉన్నాయి. ఏటేటా పెట్టిన కుంకుమ ఆ గీతల్లో దిగి, ఆకులన్నీ ఎర్రగా కనబడుతున్నాయి.

మా ఆయన ఊపిరి వినిపించింది నాకు. అన్న కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ ముందు చెయ్యి చాపలేదు.

"పాతదే గానీ, ఇలాంటివి బెల్జియంలో బోలెడు చేశారు," అన్నారు మా ఆయన, గోడకేసి చూస్తూ.

"అవును. అంత రేరేం గాదు," అన్నాడు అన్న, కిటికీలోంచి చూస్తూ.

నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూసిన దాన్ని. అబద్ధం చెప్పే పిల్లాడు గోడకేసే చూస్తాడు. మామ్మగారు కూడా వాళ్ళ మొహాలే చూస్తోంది. మా ఆయన ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకుని, "కాగితం లేకుండా ఇలాంటిది ఇంట్లో ఉండకూడదు మామ్మగారూ, కేసవుతుంది," అన్నారు. అన్న వెంటనే, "అవును మామ్మా, జైలే," అన్నాడు. ఆ ఒక్క మాటలో మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు.

"ఆలోసించుకుని సెప్తాను బాబూ," అని ఆవిడ మూట కట్టేసింది.

కొన్నాళ్ళకి మా ఆయనే, "పద, మీ మామ్మగారిని చూసొద్దాం," అన్నారు. దారిలో ఆవిడకని పళ్ళూ స్వీటూ కొన్నారు. ఆయన ఎవరికీ స్వీటు కొన్న మనిషి కాదు. మామ్మగారు మంచినీళ్ళిచ్చి, మేం అడగకముందే చెప్పింది.

"ఆ వస్తువు నా కాడ నేదు నాయనా."

"ఎవరికిచ్చారు?"

"ఇవ్వాల్సిన సోట ఇచ్చీసినాను."

అంతకుమించి ఎంత అడిగినా చెప్పలేదు. తిరుగుదారిలో పలాస రైల్వే గేటు దగ్గర కారు ఆగినప్పుడు, "మీ అన్న," అన్నారు. అంతే.

ఆ సాయంత్రమే అన్న ఫోన్. "బావకి కంగ్రాట్సని సెప్పు," అన్నాడు. "దేనికి?" అన్నాను. "నీకు తెల్దేటి? మామ్మ కాడికి మీరిద్దరూ ఎల్లొచ్చినారట గదా. నాను నిన్ననే ఎల్లినాను. ఇవ్వాల్సినోల్లకి ఇచ్చీసినాదట. ఆవిడకి ఇవ్వాల్సినోల్లంటే నువ్వు గాక ఎవులు?" గొంతులో నవ్వుంది గానీ అది నవ్వు కాదు.

అప్పటినుంచి మా రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగలేదు. ఆగినా బాగుండేది. అన్న వచ్చి హాల్లో కూర్చునేవాడు. మాటలు నాతో, చూపు మాత్రం గదిలోని బీరువా మీద. మా ఆయన లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వచ్చేవారు. ఆ తలుపు మా ఇంట్లో ఎప్పుడూ వేసింది లేదు. వేసేసరికి అన్న కనుబొమలు పైకి లేచేవి. మా ఆయన మాత్రం తన బీరువా ఎవరో చూడటం ఇష్టం లేకే ఆ తలుపు వేసేవారు.

ఒకసారి నేను అన్న ఇంటికెళ్ళాను. బయల్దేరుతుంటే ఈయన చెప్పులు తొడుక్కుంటున్న నా దగ్గరికొచ్చి, "మేడమీద గదిలో చెక్క పెట్టె ఉంటుంది. ఊరికే, కనిపిస్తే చూడు," అన్నారు. అక్కడ వదిన ఎప్పటిలాగే ఆప్యాయంగా ఉంది. కానీ నేను ఏ గదిలోకెళ్తే ఆ గదిలోకి వచ్చింది. మేడ మెట్లెక్కబోతే, "పైన కొబ్బరికాయలు పోసున్నారు వొదినా, కాలు జారతాది," అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి ఆ రోజు చల్లగా, కాస్త ఉబ్బినట్టు ఉంది. నా మనసంతా ఆ మెట్ల మీదే ఉండి, ఆ చేతిని పట్టించుకోలేదు. ఇంటికొచ్చి ఈయనతో ఏమీ చెప్పకూడదనుకున్నాను. "మేడ ఎక్కనివ్వలేదు," అని చెప్పేశాను.

"చూశావా?" అన్నారాయన.

ఇంతలో నాకు మా ఆయన మీదే అనుమానం మొదలైంది. ఆయన వారానికోసారి భావనపాడు వెళ్ళడం మొదలుపెట్టారు. చేపలకట. కాశీబుగ్గ మార్కెట్లో దొరకని చేప ఏముందో నాకర్థం కాలేదు. రొయ్యలో, వంజరమో తెచ్చేవారు గానీ, తెచ్చిన సంచీ కన్నా ఆయన ముందు జేబులో చెయ్యి పెట్టుకుని లోపలికొచ్చే తీరు నా కళ్ళబడేది. చొక్కాకి చెక్కపొట్టు అంటుకుని ఉండేది. అడిగితే, "పడవల దగ్గర అంతా పొట్టే," అనేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన టెక్కలి వెళ్ళినప్పుడు వర్క్‌షాపుకి వెళ్ళాను. అక్కడివాళ్ళు నన్ను చూసి కుర్చీ వేశారు. ఆయన సొంత అల్మారా తాళం ఇంట్లో తాళాల గుత్తిలోనే ఉంటుంది. తెరిచాను. పాత బేరింగుల వెనక, శుభ్రమైన తువ్వాల్లో చుట్టి, పాలిష్ చేసిన టేకు పెట్టె ఒకటి ఉంది. మూత తెరిస్తే లోపల నీలం మఖమలు. మఖమలులో ఒక రూపం లోతుగా తొలిచి ఉంది. చిన్న గొట్టం, గుండ్రటి చక్రం, మడిచిన ట్రిగ్గరు, వంపు తిరిగిన పిడి. మామ్మగారి రివాల్వరే. పెట్టె మాత్రం ఖాళీ.

చాలాసేపు ఆ గుంటలో వేలు పెట్టి తడుముతూ కూర్చున్నాను. వస్తువు లేకుండా దాని కొలత ఎవరైనా ఎలా తొలుస్తారు? వస్తువు ఇంకోచోట దాచి, పెట్టె ఇక్కడ ఉంచారన్నమాట. ఇన్నాళ్ళూ అన్న మీద నేరం మోపుతూ, నా చేత గూఢచారి పని చేయిస్తూ, తనే తీసుకున్నారన్నమాట. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆయన మొహంలో గోడకేసి చూసే చూపు తప్ప మరేం పట్టుకోలేకపోయానని ఒళ్ళు మండింది. పెట్టె ఎక్కడిదక్కడ పెట్టేసి ఇంటికొచ్చాను. రాత్రి ఆయనకి అన్నం పెడుతూ ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వినాల్సి వస్తుందని.

మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కి మందస వెళ్ళాను. మామ్మగారు వాకిట్లో జీడిగింజలు ఎండబోస్తోంది. కోడలు చాట పట్టుకుని పక్కనే ఉంది.

"మామ్మగారూ, మా ఆయనకే ఇచ్చారు కదూ? నాకు చెప్పండి, ఎవరితోనూ అనను."

ఆవిడ నడుం నిలబెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వూ మొదలెట్టినావేటి?"

"పెట్టె చూశాను. దానికోసమే చేయించిన పెట్టె."

"పెట్టె సంగతి నాకు తెల్దు. తుపాకీ మాత్రం పోలీసోల్లకి ఇచ్చీసినాను."

నమ్మలేదు నేను. కోడలి వైపు తిరిగాను. కోడలు చాట కింద పెట్టి, "నానే తోడెల్లినానమ్మా. ఊర్లో తెలిసిన ప్లీడరుగారు కూడా వొచ్చినారు. పాతకాలందట, జాగర్తగా పంపుతామని తీసుకున్నారు. మమ్మల్ని ఒక్క మాట అన్నేదు," అంది. తడుముకోలేదు.

"ఆ మాట అప్పుడే చెప్పుండొచ్చు కదా మామ్మగారూ?"

ఆవిడ గింజల పక్కనే కూలబడింది. "సెప్తే ఏటవుతాది? స్టేషను సుట్టూ తిరగరా ఇద్దరూ? ఇదిగో టీచరమ్మా, ఆ వస్తువు మా ఇంట్ల ఇన్నేల్లున్నాది. ఎవుల్నీ ఏటీ సెయ్యనేదు. మీ వోల్లిద్దరూ దాని ముందు కూకున్నప్పుడు వోల్ల మొకాలు సూసినాను. నువ్వు మా ఇంట్ల ఉన్నప్పుడు నీ అన్న పనసకాయ భుజానేసుకుని వొచ్చీవోడు, సెల్లి తింటాదని. ఆ మొకం గాదది. ఒకడికిత్తే రెండోవోడు ఊరుకోడు. నాను సచ్చీదాకా మీ కొంపలో గొడవ నా మీదుంతాది. అందుకే ఎవులికీ కాకుండా సేసినాను."

ఆవిడ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఈయనతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. మరుక్షణం కళ్ళు చిన్నవయ్యాయి. "మీ అన్న చెప్పించి ఉంటాడు," అన్నారు. అన్నకు ఫోన్‌లో చెప్తే, "బావ బాగానే నేర్పినాడు నీకు," అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చి, పెట్టె సంగతి ఈయన మొహాన అడిగేశాను.

ఆయన గోళ్ళలోని గ్రీజు చూసుకున్నారు. భావనపాడులో పడవలు చేసే వడ్రంగి ఒకాయన చెయ్యి మంచిదని, ఆయన చేత చేయించానని చెప్పారు. ఫొటో చూపించి, మామ్మగారింట్లో కళ్ళతో కొలుచుకున్న కొలతలు చెప్పారట. మామ్మగారు మనకే ఇస్తుందన్న నమ్మకంతో, మేం మొదటిసారి వెళ్ళొచ్చిన వారంలోనే పని ఒప్పజెప్పారట.

"పోయిందని తెలిశాక కూడా ఎందుకు వెళ్ళారు?"

"సగం అయిపోయింది కదా," అన్నారు. ఈసారి గోడకేసి చూడలేదు.

ఆయన మాట నేను నమ్మాను. ఆయన మాత్రం మామ్మగారి మాట నమ్మలేదు. తెలిసినవాళ్ళ ద్వారా స్టేషన్లో వాకబు చేయించారు. అప్పగించిన మాట నిజమేనని, జిల్లాకు పంపేశారని కబురొచ్చింది. అన్నకీ ఆ కబురు చేరింది. పెట్టె సంగతి నేనే చెప్పాను. ఇద్దరికీ నిజం తెలిసింది. అయినా ఏం లాభం? అన్ని నెలలు అనుమానించి చూసిన కళ్ళకి మామూలుగా చూడటం వెంటనే రాలేదు. అన్న వచ్చినా కాఫీ తాగి త్వరగా లేచిపోయేవాడు. ఇద్దరూ కొబ్బరి ధర మాట్లాడుకునేవాళ్ళు.

అలా ఉండగా వదినకు ఒంట్లో బాగాలేదని పరీక్షలు చేయించారు. కిడ్నీలు. మా ఉద్దానంలో ప్రతి వీధికీ తెలిసిన జబ్బే. ఆ రోజు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్న ఉబ్బు చెయ్యి నాకు గుర్తొచ్చింది. పైన నిజంగా కొబ్బరికాయలే ఉన్నాయని తర్వాత తెలిసింది. పలాసలో డయాలసిస్ మొదలైంది. అన్నకు కారు నడపడం రాదు. మొదటి వారం ఆటోలో తీసుకెళ్ళాడని తెలిసి మా ఆయన తెల్లారే కారు తీసి వాళ్ళ ఊరికి వెళ్ళారు. ఆ తర్వాత ప్రతిసారీ ఆయనే.

లోపల వదినకు సూదులు పెట్టి ఉంచే ఆ గంటలన్నీ బయట బెంచీ మీద వాళ్ళిద్దరూ కూర్చోక తప్పదు. మొదట్లో చెరో ఫోనూ చూసుకునేవాళ్ళట. తర్వాత టీ ఒకరు తెస్తే ఒకరు తాగేవాళ్ళట. ఒక రోజు అన్నే అడిగాడట, "ఆ పెట్టె ఉందంట గదా బావా, నీలం గుడ్డేసి?" అని. ఈయన ఉందన్నారట. "తే, ఒకసారి సూద్దాం," అన్నాడట అన్న. ఆ మాట నాకు చెప్తూ మా ఆయన, "ఎందుకు అడిగాడంటావు?" అన్నారు. "చూడ్డానికి," అన్నాను.

పోయిన నెల అన్న మా ఇంటికొచ్చి, ఇంగ్లీషు రివాల్వరు కాగితాల్లో తన పేరు తీయించి బావ పేరు ఎక్కించడానికి దరఖాస్తు పెట్టానని చెప్పాడు. "ఆసుపత్రి సుట్టూ తిరుగుడుకే సరిపోతంది. తుప్పడతాది. నీకైతే సెయ్యి మంచిది," అన్నాడు. చూసి పెట్టుకోమని, కాగితాలతో సహా దాన్ని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

మా ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన భూతద్దం తెచ్చుకుని కూర్చున్నారు. నంబరు చూశారు, కాగితంలోని నంబరుతో పోల్చారు. మర మేకులు ఒక్కొక్కటీ చూశారు. గొట్టం లోపలికి టార్చి వేసి చూశారు. నాకు సిగ్గేసి, "ఏవండీ, అన్నే కదా ఇస్తున్నాడు," అన్నాను. ఆయన తలెత్తలేదు.

అన్న నొచ్చుకోలేదు. తన నీడ బల్ల మీద పడుతోందని, కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. "సూడు బావా, బాగా సూడు," అన్నాడు. "వెలుతురు సాలకపోతే వాకిట్లోకి ఎల్దాం."